బహ్లాలో పంపులమ్మిన మేజర్

పంపు విప్పడం, బిగించడం ఐటీఐలో నేర్పుతారు. ఇంపెల్లరు అరిగితే ఎలా మార్చాలో కంపెనీవాళ్ళిచ్చే పుస్తకంలో బొమ్మలతో సహా ఉంటుంది. వాటి గురించి నేను రాయడం లేదు. మొన్న మా అన్నయ్య మనవడు మస్కట్‌లో పంపుల సర్వీసు ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకొచ్చి, "తాతయ్యా, అక్కడ పని ఎలా ఉంటుందీ?" అని అడిగాడు. "ఎండగా ఉంటుంది" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. వయసంతా పెట్టి చేసిన పనికి ఆ ఒక్క ముక్కేనా చెప్పగలిగేది? అందుకని కూర్చుని రాస్తున్నాను. వీసాలు, ప్రమోషన్లు, ఇంక్రిమెంట్ల సంగతి కావాలంటే వేరేవాళ్ళని అడగండి. నా దగ్గర ఉన్నది ఒక మనిషి కథ, ఆయన కింద నేను నేర్చుకున్న పని.

కొట్టూ, కొట్టు యజమానీ

మాది కాకినాడ పక్కన పల్లె. మా నాన్న కాలవ మీద లస్కరు. అంటే లాకులు ఎత్తడం, దించడం, ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసుకోవడం ఆయన పని. నేను డీజిల్ ఇంజన్ల రిపేరు నేర్చుకుని, ఎనభైల చివర్లో ఒమాన్ వెళ్ళాను. మస్కట్‌ని ఆనుకుని ఉన్న బౌషర్‌లో ఒక పంపుల కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. లోపల డెబ్భైకి దగ్గరపడ్డ తెల్లాయన ఒకాయన, ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకుని కూర్చున్నాడు. నా కాగితం మీద కాకినాడ అన్న మాట చూసి తలెత్తాడు.

"ఏయ్. కూచో. నీళ్ళు తాగు. చెప్పు" అన్నాడు.

అచ్చ తెలుగే. నేను నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను. తరవాత తరవాత తెలిసింది, ఆయన తెలుగులో రా, పో, తే, తియ్ తప్ప ఇంకేమీ పెద్దగా లేవని. మా ఇంట్లో కోళ్ళని కూడా అంతకంటే మర్యాదగా పిలుస్తారు.

"నీ పేరు?"

"సత్యనారాయణ అండి."

"పొడుగు. సత్తి" అన్నాడు. ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ నేను సత్తినే.

ఆయన్ని అందరూ మేజర్ అనేవాళ్ళు. నేనూ అంతే అంటాను. పందొమ్మిదేళ్ళ వయసులో సిపాయి ఉద్యోగం మీద ఇండియా వచ్చాడట. మొదట సికింద్రాబాదు, తరవాత యుద్ధం, యుద్ధంలో మా కోస్తాకి పోస్టింగు. స్వాతంత్ర్యం వచ్చాక తోటివాళ్ళంతా ఓడలెక్కి వెళ్ళిపోతే ఈయన యూనిఫాం విప్పేసి, కాకినాడ రేవులో ఒక కలప కంపెనీలో వాటాదారుగా చేరాడు. కలప, తాళ్ళు, తారు, తెరచాప గుడ్డ అమ్మేవాడు. రేవులో వ్యాపారం పల్చబడ్డాక అక్కణ్ణించి కదిలి, ఇక్కడి సైనికులకి శిక్షణ ఇవ్వడానికంటూ ఒమాన్ వచ్చాడు. కొన్నేళ్ళకి ఆ యూనిఫామూ విప్పి, ఒక ఒమానీ అర్బాబ్‌ని, అంటే అక్కడి షావుకారుని, భాగస్వామిగా పెట్టుకుని పంపుల కొట్టు తెరిచాడు. జీవితమంతా ఆయన చేసినవి రెండే పనులు: యూనిఫాం వేసుకోవడం, దాన్ని విప్పి కొట్టు పెట్టడం.

సిపాయి ఆయనలోంచి ఎప్పుడూ పోలేదు. ఏ సైట్‌కి వెళ్ళినా ముందు నేల మీద ఖాకీ గుడ్డ పరిచి పనిముట్లన్నీ వరసలో పెట్టాలి. పని అయ్యాక మళ్ళీ అదే వరసలో పెట్టి చూపిస్తే గానీ బండి కదలకూడదు. నేను లోలోపల విసుక్కునేవాణ్ణి. సమాయిల్‌లో ఒక ఖర్జూరం తోటలో ఒకసారి గుడ్డ మీద ఒక స్పానరు తక్కువైంది. తోటవాడు నీళ్ళు వదలమని తొందరపెడుతున్నాడు. మేజర్ చెప్పాడు కదా అని వెతికితే, అది బోరు నోటి అంచు మీద ఉంది. మోటరు ఆన్ చేసి ఉంటే ఆ అదురుకి లోపల పడేది, బోరు మొత్తం పోయేది. ఆ రోజు నుంచి ఆ గుడ్డని నేను గౌరవించాను. మీరూ ఒక గుడ్డ కొనుక్కోండి.

వర్తకుడిగా ఆయన చెప్పిన సూత్రం ఒకటే: కొనేవాడి నూతిలోకి తొంగి చూడకుండా పంపు అమ్మకు. నీళ్ళు ఎంత ఊరతాయో చూడు, దానికి తగ్గ పంపే ఇవ్వు. పెద్ద పంపు అమ్మితే ఇవాళ లాభం, రేపు నుయ్యి ఎండితే వాడు నీ కొట్టు ముందు నిలబడి తిడతాడు. మంచి సూత్రమే. కాకపోతే అందులో సగమే ఉంది. మిగతా సగం మాకిద్దరికీ బహ్లాలో తెలిసింది.

ఆయన దేవుడు కాడు, ఆ మాట కూడా చెప్పాలి. బండిలో కూర్చుంటే చాలు, "ఇండియాలో నేను" అని మొదలుపెట్టేవాడు. ఆ ఇండియాలో ఎప్పుడూ ఆయన గుర్రం మీద ఉండేవాడు, మిగతావాళ్ళంతా నేల మీద ఉండేవాళ్ళు. నేలమీదున్నవాళ్ళ మనవణ్ణి నేను పక్క సీట్లో ఉన్నానని ఆయనకి తట్టేది కాదు. ఇంకొకటి, ఆయనకి ఆర్డరు వెయ్యడం వచ్చు, బేరం ఆడటం వచ్చు. అడగడం మాత్రం రాదు. గ్లాసు మంచినీళ్ళు కావాలన్నా ఆర్డరే.

మా డ్రైవరు ఖాదర్‌ది కడప. స్టోరు తాళాలు కూడా అతని దగ్గరే ఉండేవి. వాళ్ళావిడ మస్తాన్‌బీ మేజర్ ఇంట్లో వంట చేసేది. "ఇండియాలో నేను" మొదలవగానే ఖాదర్ అద్దంలోంచి నా వంక చూసి, "మొదలుపెట్నాడప్పా మేజర్ సాబ్. ఈపొద్దు గుర్రం యాడిదాకా పోతాదో" అని గొణిగేవాడు.

బహ్లా

నన్నూ ఖాదర్‌నీ బహ్లా బ్రాంచికి పంపారు. కోట గోడలు, ఖర్జూరం తోటలు, కుండలు చేసేవాళ్ళు, కొత్తగా లేస్తున్న సిమెంటు ఇళ్ళు. రెండు గదుల షాపు మాది. ముందు గదిలో పంపులు, వెనక గదిలో మేము.

కొత్త పిల్లలు అందరూ చేసే తప్పు నేనూ చేశాను. తోటకి వెళ్ళగానే టూల్‌బాక్సు దించి, "మోటరు ఎక్కడండీ?" అనేవాణ్ణి. పని తొందరగా చేస్తే మెచ్చుకుంటారని నా ఆశ. వాళ్ళ ముఖాలు ముడుచుకునేవి. అక్కడ ముందు కూర్చోవాలి. "షీ ఉలూమ్?" అని అడుగుతారు, అంటే ఏమిటి విశేషాలు అని. ఏమీ లేవు, అంతా బాగే అనాలి. మళ్ళీ మనం అడగాలి, వాళ్ళూ ఏమీ లేవనాలి. తరవాత ఖర్జూరాలు, కాఫీ. మన ఇళ్ళల్లో మాదిరి మొదటిసారి "వద్దండి, ఇప్పుడే తాగొచ్చాను" అంటే ఇంకోసారి బతిమాలతారని చూడకండి. వాళ్ళు నిజంగానే వద్దన్నామనుకుంటారు, పైగా చిన్నబుచ్చుకుంటారు. చిన్న కప్పు, అడుగున రెండు గుక్కలే పోస్తారు. చాలనిపిస్తే కప్పుని కొద్దిగా ఆడించి ఇచ్చెయ్యాలి. ఇదంతా అయ్యాకే మోటరు. ఆ కాసేపట్లోనే నూతి చరిత్ర, పక్క తోటవాడితో తగాదా అన్నీ తెలిసిపోతాయి. సగం రిపేరు అక్కడే అవుతుంది.

అక్కడ ఊళ్ళకి ఫలజ్ అని ఉంటుంది. కొండ పాదం దగ్గర ఒక లోతైన బావి తవ్వి, ఆ నీటిని నేల అడుగున సొరంగం లాంటి కాలవలో మైళ్ళ తరబడి నడిపించి, ఊళ్ళో పైకి తీసుకొస్తారు. మోటరు లేదు, కరెంటు లేదు, వాలు ఒక్కటే. ఆ కొండ దగ్గర బావిని వాళ్ళు ఫలజ్‌కి తల్లి అంటారు. ఊళ్ళోకి వచ్చాక నీళ్ళు వంతులవారీగా తోటలకి పోతాయి. నేలలో పాతిన కర్ర నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి వంతు మారుస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఎక్కడి గోదారి కాలవ, ఎక్కడి కొండల మధ్య ఊరు, కానీ "నా వంతు ఇంకా అవలేదు" అని గట్టు మీద అరుచుకోవడం మాత్రం అచ్చం ఒకటే.

ఆ వంతులు చూసే పెద్దమనిషిని వకీల్ అంటారు. కోర్టు వకీలు కాదు, ఊరి నీళ్ళ పెద్ద. ఆయన పేరు సయీద్. తెల్ల గడ్డం, చేతికర్ర, తక్కువ మాటలు. మా నాన్న పని ఏమిటో చెప్పిన రోజు నుంచి నన్ను లస్కరు కొడుకుగానే చూశాడు.

పెద్ద ఆర్డరు

బ్రాంచిలో అమ్మకాలు నీరసంగా ఉన్నాయి. ఈ వేసవి కూడా ఇలాగే పోతే బహ్లాకి తాళం వేస్తానని అర్బాబ్ తేల్చేశాడు. బౌషర్‌లో ఖాళీలు లేవు కాబట్టి, ఖాదర్, నేను ఇంటిదారి పట్టాలి.

అలాంటి సమయంలో మేజర్ హుషారుగా ఫోన్ చేశాడు. మస్కట్ కాంట్రాక్టరు ఒకాయన ఊరికి ఎగువన కొండవాలులో పెద్ద భూమి కొన్నాడట. తోట, పశువుల గడ్డి వేస్తాడట. వరసగా బోర్లు, అన్నిటికీ పెద్ద సబ్‌మెర్సిబుల్ పంపులు. మా బ్రాంచి మళ్ళీ ఊపిరి పీల్చుకునేంత ఆర్డరు. "సత్తీ, పో. చూడు. కొలువు" అన్నాడు.

వెళ్ళాను. బోర్లకి ముగ్గుతో గుర్తులు పెట్టి ఉన్నాయి. అక్కడ నిలబడి కేకేస్తే ఫలజ్ తల్లి బావి దగ్గర వినపడుతుంది. ఆ పంపులు ఒక్క వేసవి నడిస్తే చాలు, తల్లి బావి నీటిమట్టం పడిపోతుంది, ఊళ్ళోకి వచ్చే కాలవ తడి మట్టి అవుతుంది. అది చెప్పడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. మేజర్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"కొనేవాడి బోరులో నీళ్ళున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయండి. కానీ ఊళ్ళో..."

"అయితే అమ్ము. మనం అమ్మకపోతే ఇంకోడు అమ్ముతాడు."

నాకూ ఉద్యోగం కావాలి. నోరు మూసుకున్నాను.

తాగండి, తాగండి

నాలుగు రోజులకి ఒక మధ్యాహ్నం వకీల్ సయీద్ మా షాపుకి వచ్చాడు. ఖాదర్ డీజిల్ కోసం బంకుకి వెళ్ళాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. ఊరి పెద్ద మన గుమ్మం తొక్కాడని నాకు సంబరం. చాప వేసి కూర్చోబెట్టి, విశేషాలడిగి, ఖర్జూరాలు పెట్టి కాఫీ పోశాను.

ఆయన కప్పు అందుకున్నాడు. తాగకుండా మెల్లగా చాప మీద పెట్టాడు. రెండు చేతులూ కర్ర మీద ఆనించి నన్నే చూశాడు.

"నేనెందుకు వచ్చానో నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసండి."

"తల్లి పక్కన మీ కంపెనీ పంపులు దిగకూడదు. ఊరంతా దాని మీదే బతుకుతోంది. నువ్వు నీళ్ళు వదిలే వాడి కొడుకువి. నీకు వేరే చెప్పక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా చేతుల్లో ఏముంది? ఆయనకి ఏమీ ఇవ్వలేను, కాఫీ అయినా తాగి వెళ్ళనీ అనుకున్నాను. మన ఇంటికొచ్చిన పెద్దమనిషి గ్లాసు ముట్టుకోకుండా కూర్చుంటే మనం ఏం చేస్తాం? బతిమాలతాం. నేనూ అదే చేశాను.

"ముందు తాగండి. చల్లారిపోతోంది" అన్నాను.

ఆయన కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "తాగమంటున్నావా?"

"తాగండి, తాగండి. తమామ్" అన్నాను. తమామ్ అంటే అంతా బాగు అని. నాకొచ్చిన అరబ్బీలో ఎక్కువ వాడే మాట అదే.

"ఆలోచించుకునే అంటున్నావు కదా."

"అయ్యో, ఇందులో ఆలోచించేదేముందండీ. తాగండి."

ఆయన కప్పు తీసి తాగాడు. ఇంకోటి పోయించుకుని తాగాడు. లేచి నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, దేవుణ్ణి తలుచుకుని వెళ్ళాడు. పోనీలే, కాఫీ అయినా తాగించాను అని కప్పులు కడుక్కున్నాను.

గంటకి ఖాదర్ పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఏమప్పా సత్తీ, ఏం చేసినావు నువ్వు? తల్లి బావి కాడ పంపులు పెట్టేది లేదని మన కంపెనీ మాట ఇచ్చినాదంట. బంకు కాడ అందురూ అదే చెప్తాండారు. నాకు మిఠాయి గూడా తినిపించినారు."

"నేనేం మాట ఇవ్వలేదు. కాఫీ ఇచ్చానంతే."

మేజర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయనకి వచ్చిన నాలుగు భాషల్లోనూ తిట్టాడు. తిట్లయ్యాక విడమరిచి చెప్పాడు. అది ఎడారి వైపు పాత మర్యాద. అందరూ పాటించరు గానీ పెద్దవాళ్ళకి అది ఇంకా ప్రాణంతో సమానం. అక్కర ఉండి వచ్చినవాడు కప్పు కింద పెట్టి తాగడు. ఇంటివాడు ఆ అక్కర తీర్చగలిగితేనే తాగమంటాడు. తాగమన్నాడంటే మాట ఇచ్చినట్టే.

"నా పేరు మీద మాట ఇచ్చావ్, ఇడియట్."

"నాకు తెలీక అన్నానని నేనే వెళ్ళి చెప్తానండి. ఆయన మంచివాడు, అర్థం చేసుకుంటాడు."

"నువ్వు నోరు ముయ్. నేను వస్తా. నేనే చెప్తా" అని ఫోన్ పెట్టేశాడు.

చెప్పడానికి వచ్చినవాడు

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ముగ్గురం వకీల్ ఇంటికి బయల్దేరాం. దారిలో ఏం చెప్పాలో మేజర్ అరబ్బీలో వల్లె వేసుకుంటున్నాడు: మా మనిషి కొత్తవాడు, మీ ఆచారం తెలియదు, పొరపాటు జరిగింది, వ్యాపారం వ్యాపారమే.

వకీల్ ఇంట్లో లేడు. ఫలజ్ దగ్గర ఉన్నాడు. అక్కడ ఊళ్ళో మగవాళ్ళు చాలామంది మోకాళ్ళ లోతు కాలవలో దిగి మట్టి ఎత్తి గట్టున పోస్తున్నారు. నీళ్ళు ఉండవేమోనన్న భయంతో ఆ ఏడు ఎవరూ పూడిక తియ్యలేదట. కంపెనీ మాట వినగానే మొదలుపెట్టారట. వకీల్ మేజర్‌ని చూసి నీళ్ళలోంచే చెయ్యి చాపాడు. మేజర్ వంగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. వకీల్ ఆయన చేతిని అలాగే నీళ్ళలో ముంచి, ప్రవాహం తగిలేలా కాసేపు పట్టుకున్నాడు. సన్నగానే ఉంది గానీ పారుతోంది.

మేజర్ వల్లె వేసుకున్నదాంట్లో ఒక్క ముక్క బయటికి రాలేదు. పని బాగా జరుగుతోందని మెచ్చుకుని, తిరిగి వచ్చి బండిలో కూర్చున్నాడు.

"ఇండియాలో నేను" అన్నాడు కాసేపటికి. ఖాదర్ ఈసారి అద్దంలోంచి నా వంక చూడలేదు. ఆయన గొంతు వేరేగా ఉంది.

ఆ కథలో గుర్రం లేదు. తెలుగు, ఇంగ్లీషు, హిందుస్తానీ కలిపి చెప్పాడు. యుద్ధంలో శత్రువు సముద్రం మీంచి వస్తాడేమోనని, వాళ్ళకి దొరక్కుండా తీరంలో పడవలన్నీ తీసుకురమ్మని పై నుంచి ఆర్డరు. కాకినాడకి పైన ఒక జాలరిపల్లెకి ఈయన్ని పంపారు. ఈయన అప్పటికి కుర్రాడు. పోలయ్య అని పల్లె పెద్ద ఎదురొచ్చి, "దొరా, మా పడవలు మళ్ళీ వత్తాయా?" అని అడిగాడట. "వస్తాయి" అన్నాడట ఈయన. కొత్తగా నేర్చుకున్న తెలుగు, పలకడం బాగా వచ్చిందని తనలో తను మురిసిపోయాడట కూడా. పోలయ్య కొబ్బరిబొండం కొట్టి ఇచ్చి, తన తెడ్డు తనే తెచ్చి బండిలో పెట్టాడు. ఆ పడవలు తిరిగి వెళ్ళలేదు. విరగ్గొట్టి పొయ్యిల్లోకి వాడేశారు.

"యుద్ధం అయింది. నాది కలప కొట్టు. పోలయ్య వచ్చాడు, పడవకి చెక్క కొనడానికి. నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. సలాం పెట్టాడు."

"ఏమన్నాడండీ?" అన్నాను.

"ఏమీ అనలేదు. బేరం ఆడాడు. నేను గట్టిగా ఆడాను. నేనే గెలిచాను." కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "సిపాయిగా పడవ తీసుకున్నాను, సత్తీ. వర్తకుడిగా వాడికే చెక్క అమ్మాను. రెండుసార్లూ నాకు సలాం పెట్టాడు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. మా తాతకి తెలిసినవాళ్ళ పడవలే అవి అయ్యుంటాయి. ఏం చేస్తాం, కోపం, జాలి రెండూ ఒకేసారి తెప్పించే మనుషులుంటారు.

"ఖాదర్, బండి మస్కట్‌కి తిప్పు" అన్నాడు మేజర్. "కాంట్రాక్టరు ఇంటికి."

ఆర్డరూ కాదు, బేరమూ కాదు

కాంట్రాక్టరు మమ్మల్ని చూసి సంతోషించాడు. ఆర్డరు ఖాయం చెయ్యడానికి వచ్చామనుకున్నాడు. మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పెద్ద గదిలో, దిండ్లకి ఆనుకుని కూర్చున్నాం. విశేషాలడిగాడు. ఏమీ లేవన్నాం. కాఫీ వచ్చింది.

మేజర్ కప్పు తీసుకుని, తాగకుండా ముందు కింద పెట్టాడు.

కాంట్రాక్టరు నవ్వు ఆగిపోయింది. "ఏమిటి మేజర్, ధరలో ఏమైనా చిక్కా?"

"ధర కాదు. నీ బోర్లు ఊరికి దిగువకి మార్చుకో. ఎగువన వద్దు. ఫలజ్ పోతుంది."

"నా భూమి, నా ఇష్టం. నువ్వు పంపులివ్వకపోతే వేరే కొట్లో కొనుక్కుంటాను."

"కొనుక్కోవచ్చు. నీకు నేను ఆర్డరు వెయ్యలేను. నీతో బేరం ఆడటానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే అడుగుతున్నాను."

"అడుగుతున్నావా? నువ్వా?"

"అడుగుతున్నాను."

అన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. కాఫీ మీద ఆవిరి పోయింది. మేజర్ వీపు నిటారుగా పెట్టుకుని కప్పు వంకే చూస్తున్నాడు. ఆ వయసులో నేల మీద అలా కూర్చోవడం కష్టం. నేను మనసులో సత్యనారాయణస్వామికి మొక్కుకున్నాను. ఏమని మొక్కుకోవాలో మాత్రం తెలియలేదు. కాంట్రాక్టరు ఒప్పుకుంటే ఊరు బతుకుతుంది, మా బ్రాంచి పోతుంది. ఒప్పుకోకపోతే ఊరు పోతుంది, ఆర్డరు ఇక మాకెలాగూ రాదు. చివరికి ఊరి వైపే మొక్కాను.

కాంట్రాక్టరు లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక్కి వచ్చాడు. "మా తాత ముందు కూడా ఎవరూ కప్పు ఇంతసేపు కింద పెట్టలేదు" అన్నాడు విసుగ్గా. మళ్ళీ కూర్చున్నాడు.

"చల్లగా అయిపోయింది. ఇది పారబోసి వేరేది పోస్తాను" అన్నాడు. పోశాడు. "తాగు, మేజర్."

మేజర్ రెండు చేతులతో పట్టుకుని తాగాడు. కొంచెం మేజోడు మీద ఒలికింది.

ఆ తరవాత

కాంట్రాక్టరు ఊరికి దిగువన బోర్లు వేసుకున్నాడు. అక్కడ ఊట తక్కువ, చిన్న పంపులే సరిపోయాయి. వాటిని మేమే బిగించాం. ఆర్డరు కుంచించుకుపోయిందని అర్బాబ్ మేజర్‌ని చెడామడా తిట్టాడు. బహ్లా బ్రాంచి మూతపడుతుందనే నేనూ ఖాదరూ ట్రంకు పెట్టెలు దించుకున్నాం. కానీ మేం అనుకోనిది జరిగింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు రావడం మొదలైంది. ఒకడు ఇంజను రిపేరుకి, ఒకడు పైపులకి, ఒకడు ఫలజ్ బాగుకి ఏ పనిముట్టు మంచిదో అడగడానికి. అందరూ అదే అనేవారు, మీరు మాట మీద నిలబడే కంపెనీ అట కదా అని. వేసవి గడిచేసరికి బ్రాంచి మూసే ఊసు అర్బాబే మరిచిపోయాడు. మస్తాన్‌బీ మాత్రం, "సత్తి భాయ్ ఏం తెలీక నిలబెట్టిన కొట్టు ఇది. తెలిస్తే ముంచేస్తుండె" అని నన్ను ఏడిపించేది. నిజమే. తెలిసుంటే నేను ఆ రోజు తాగమని అనేవాణ్ణి కాదు.

పిల్లలూ, మేజర్ సూత్రంలో మిగతా సగం ఇదే. కొనేవాడి నూతిలోకే కాదు, పక్కవాడి నూతిలోకి కూడా తొంగి చూడండి. పంపు ఒకడి నేలలో దిగుతుంది గానీ నీళ్ళు అందరి కిందా ఉంటాయి. మన డ్యూటీ పంపు వరకే అని ఎవరైనా అంటే నమ్మకండి, అది మా కంపెనీలో పెద్దాయన అన్నా సరే.

ఆ ఏడు ఊరివాళ్ళు ఫలజ్‌లో ఒక చిన్న వంతు మేజర్ పేరున ఇచ్చారు. ఆయనకి అక్కడ జానెడు నేల లేదు, నీళ్ళేం చేసుకుంటాడు? బడి పక్కన ఖర్జూరం చెట్లకి పెట్టమన్నాడు. తన వంతు రోజు మస్కట్ నుంచి వచ్చి, మేజోళ్ళు విప్పి, కాలవలో నిలబడేవాడు. వకీల్ "మేజర్ నీళ్ళు" అని కేకేసి అడ్డుపలక ఎత్తేవాడు. ఆయన ముఖం చూస్తే, యూనిఫామూ కొట్టూ రెండూ లేకుండా ఆయన్ని చూసింది అక్కడేనేమో అనిపిస్తుంది.

తొంభైల మధ్యలో ఆయన ఒళ్ళు బాగా పాడై, ఇంగ్లండులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. బయల్దేరే ముందు బహ్లా వచ్చి, వంతు పేరు మార్చమని వకీల్‌ని అడిగాడు. అడగడం అప్పటికి బాగానే వచ్చింది ఆయనకి.

"ఎవరి పేరు పెట్టమంటావు?" అన్నాడు వకీల్.

"పోలయ్య."

వకీల్ రెండుసార్లు పలికి చూసుకున్నాడు. అరబ్బీ నోటికి ప తిరగదు. "బోలయ్య" అన్నాడు. ఎవరు, ఏమిటి అని అడగలేదు. మేజర్ నా వైపు తిరగలేదు.

ఆయన వెళ్ళిన తరవాత వచ్చిన మొదటి వంతుకి నేనూ ఖాదరూ వెళ్ళాం. కర్ర నీడ గీత మీదికి రాగానే వకీల్ గట్టు మీద నిలబడి, తన శక్తి కొద్దీ "బోలయ్య నీళ్ళు" అని కేకేశాడు. అడ్డుపలక లేచింది. నీళ్ళు బడి చెట్ల వైపు మళ్ళాయి. కాలవలో ఉన్న ఒక తోటవాడు తలెత్తి, ఈ బోలయ్య ఎవరు, ఏ తెగవాడు అని ఖాదర్‌ని అడిగాడు.

ఖాదర్ నా వంక చూశాడు. నీళ్ళ వంక చూశాడు.

"మావోడే" అన్నాడు.